అమ్మమ్మ సైకిలు

(కిచెనర్‌లో శనివారం తెలుగు తరగతి పిల్లల ఎదుట ఒక అమ్మమ్మ చేసిన ప్రసంగం)



మీ పంతులమ్మగారు నన్ను తరగతికి పిలిచి, "పిల్లలకు ఏదైనా మంచి విషయం చెప్పండి" అన్నారు. ఏం చెప్పాలా అని ఇంట్లో చాలాసేపు ఆలోచించాను. రామాయణం చెప్పేవారు ఉన్నారు. పద్యాలు చెప్పేవారు ఉన్నారు. వాళ్ళెవరికంటే నాకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. అది కింద పడటం! నవ్వకండి. నేను యాభై ఎనిమిదో ఏట సైకిలు తొక్కడం నేర్చుకున్నాను. కనుక పడటాన్ని గురించీ, లేవటాన్ని గురించీ మీకు నాలుగు మాటలు చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. మీలో సైకిలు వచ్చినవారు చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. ఇప్పుడు ఇంకొక ప్రశ్న. మీ అమ్మమ్మకు గాని, నాయనమ్మకు గాని సైకిలు వచ్చినవారు చేతులెత్తండి. అరె, చేతులన్నీ దిగిపోయాయే! ఎందుకు దిగిపోయాయో ఎప్పుడైనా ఆలోచించారా? నా కథ వింటే మీకే తెలుస్తుంది.

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. కృష్ణా కాలువలు పారే ప్రాంతం. కాలువగట్టే మాకు రోడ్డు. మా బడి పక్కన ఒక సైకిలు షాపు ఉండేది. అక్కడ గంటకు ఇంత అని తీసుకొని సైకిళ్ళు అద్దెకు ఇచ్చేవారు. మా అన్నయ్య పండక్కి వచ్చిన చిల్లర దాచుకొని సైకిలు అద్దెకు తెచ్చేవాడు. అవన్నీ పెద్దవాళ్ళ సైకిళ్ళు. అన్నయ్య సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందవు. అందుచేత నడిమి బారు కింద నుంచి ఒక కాలు అవతలికి దూర్చి, సైకిలును ఒక పక్కకు వంచి, తాను ఇంకో పక్కకు ఒరిగి తొక్కేవాడు. నేను వెనకాలే పరుగెత్తేదాన్ని. ఎందుకో తెలుసా? అద్దె గంటలో చివరి అయిదు నిమిషాలు నాకు ఇస్తానని మాట ఇచ్చాడు.

ఒకనాడు మాట నిలబెట్టుకున్నాడు. నేను సైకిలు ఎక్కాను. పది బారల దూరం పోయాను. ఆ తరువాత సైకిలూ నేనూ కలిసి గట్టు దిగి వరిమడిలో పడ్డాము. ఒళ్ళంతా బురద. మోకాలికి చిన్న దెబ్బ. ఇంటికి వస్తే మా నాయనమ్మ నన్ను చూసి, "ఆడపిల్లవు, నీకు సైకిలెందుకే? కాలు విరిగితే నిన్ను ఎవరు చేసుకుంటారు?" అని కేకలు వేసింది. అన్నయ్య కూడా అలాగే పడేవాడు. వాడికి పసుపు రాసి మళ్ళీ పంపించేవారు. నాకు మాత్రం పసుపు రాసి, ఇంట్లో కూర్చోమన్నారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నేను తిరిగి సైకిలు పట్టుకొనేసరికి నలభై తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఇది నా ఒక్కదాని కథ కాదు. మన దేశంలో ఎందరో ఆడవాళ్ళ కథ. అయితే అది మారిన చోట్లు కూడా ఉన్నాయి. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. అక్కడ 1991లో పెద్దలకు చదువు నేర్పే ఉద్యమం ఒకటి మొదలైంది. దాని పేరు అరివొళి ఇయక్కం. ఆనాటి జిల్లా కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆవిడ. ఆడవాళ్ళు చదువుతోపాటు సైకిలు కూడా నేర్చుకోవాలని ఆమె తలచారు. ఎందుకంటే, నేర్చిన అక్షరాలు ఇంట్లోనే ఉండిపోకూడదు; మనిషి తన పని మీద తాను ఎక్కడికైనా పోగలగాలి. రాతి గనుల్లో పనిచేసే స్త్రీలు, పొలం కూలీలు, బడిలో పంతులమ్మలు, నర్సులు అందరూ సైకిళ్ళు ఎక్కారు. బహిరంగంగా జరిగిన పోటీలలో డెబ్బై వేలకు పైగా స్త్రీలు తమ సవారీ చూపించారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దుకాణాలలో అయిపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొనుక్కున్నారు. కొందరు తల్లులు, "ఇదే మంచిది. ఈ బారు మీద పిల్లవాడిని కూర్చోబెట్టుకోవచ్చు" అన్నారట! పాత్రికేయుడు పి. సాయినాథ్ ఆ ముచ్చట్లను లోకానికి తెలియజెప్పారు.

ఆ తరువాత 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చే పథకం పెట్టింది. దూరం వల్ల బడి మానేసే ఆడపిల్లలు సైకిలెక్కి బడికి పోసాగారు. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా "బడికొస్తా" అనే పేరుతో బాలికలకు సైకిళ్ళు పంచారు. మా నాయనమ్మ ఉండి ఉంటే, ఆ పిల్లలు బారులు తీరి కాలువగట్టు మీద పోతుంటే చూసి ఏమనేదో!

సరే, నా కథకు వస్తాను.

మా అమ్మాయి దగ్గర ఉండడానికి నేను కిచెనర్ వచ్చాను. నాకు ఒక మనవరాలు ఉంది. అప్పుడు దానికి పదేళ్ళు. సాయంకాలం అది సైకిలు తీస్తే నేను తోడు వెళ్ళేదాన్ని. తోడు అంటే ఏమిటి? విక్టోరియా పార్కులో బెంచీ మీద కూర్చోవడమే. ఆ పార్కు మీ అందరికీ తెలుసు. 1896లో తెరిచిన పార్కు అది. చెరువు ఉంది, బాతులున్నాయి, పాత పురపాలక భవనం నుంచి తెచ్చి నిలబెట్టిన గడియార స్తంభం ఉంది. నేను ఆ గడియారాన్ని చూస్తూ కూర్చుంటే, మనవరాలు పక్కనున్న ఐరన్ హార్స్ ట్రెయిల్ మీద తిరిగి వచ్చేది.

ఐరన్ హార్స్ అంటే ఇనుప గుర్రం. అంటే రైలు. పూర్వం గ్రాండ్ రివర్ రైల్వే పట్టాలు పోయిన దారిని చదును చేసి, 1997లో నడిచేవారికీ సైకిళ్ళవారికీ తెరిచారు. అటు వాటర్లూ దాకా సుమారు అయిదున్నర కిలోమీటర్లు ఉంటుంది. రైలు దారి కనుక ఎత్తుపల్లాలు తక్కువ. ఇనుప గుర్రాలు పోయిన చోట ఇప్పుడు ఇనుప చక్రాల చిన్న గుర్రాలు తిరుగుతున్నాయన్న మాట.

ఒకనాడు మనవరాలు సైకిలు ఆపి, "అమ్మమ్మా, నువ్వు ఎందుకు రాదు?" అని అడిగింది.

మీకు అందులో తప్పు తెలిసిందా? "నువ్వు ఎందుకు రావు?" అనాలి. నాకు నవ్వు వచ్చింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఇంటికి వచ్చి తెనాలిలో ఉన్న అన్నయ్యకు ఫోను చేసి, ఆ మాట అలాగే అనుకరించి చెప్పాను. అన్నయ్యా వదినా పకపకా నవ్వారు. మనవరాలు పక్కగదిలో ఉంది. అంతా విన్నది. మరునాటి నుంచి నేను తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పసాగింది. "ఈ పిల్ల తెలుగు మరిచిపోతున్నదే" అని నేను మా అమ్మాయితో అన్నాను. తప్పు ఎక్కడుందో నాకు తెలియలేదు. అది తెలియడానికి నేను సైకిలు మీద నుంచి పడవలసి వచ్చింది.

ఆ ప్రశ్న మాత్రం నా మనసులో ఉండిపోయింది. నేను ఎందుకు వెళ్ళను? ఇక్కడ ఎవరు వద్దన్నారు? ఆ వసంతకాలంలో మంచు కరిగాక మా అల్లుడితో, "బాబూ, నాకొక సైకిలు కావాలి" అన్నాను. అతను ఒక క్షణం నా ముఖం చూసి, "అలాగే అత్తయ్యగారూ" అన్నాడు. గారేజీలో తన పాత సైకిలు ఉంది, అది చూద్దామన్నాడు. నేను దాని పక్కన నిలబడితే సీటు నా నడుము పైకి వచ్చింది. పెద్దవాళ్ళు సైకిలు నేర్చుకొనేటప్పుడు చేసే మొదటి పొరపాటు ఇదే. దొరికిన సైకిలు ఎక్కుతారు. చొక్కా మన కొలతకు కుట్టించుకుంటాం, చెప్పులు మన పాదానికి చూసి కొంటాం. సైకిలు కూడా అంతే.

కనుక కొత్త సైకిలు కొన్నాము. నడిమి బారు కిందికి వంగి ఉన్న రకం తీసుకొన్నాము. దాని మీదికి కాలు ఎత్తి వేయనక్కరలేదు. గడప దాటినట్టు దాటితే చాలు. నీలం రంగు. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. మనవరాలు ఫొటో తీసింది.

ఇక నేర్చుకోవడం. మా అల్లుడు ముందుగా సైకిలుకు ఉన్న రెండు పెడళ్ళనూ విప్పేశాడు. నేను ఆశ్చర్యపోయాను. "పెడళ్ళు లేకుండా తొక్కడమెలా?" అన్నాను. "తొక్కడం తరువాత. ముందు నిలబడటం" అన్నాడు. అప్పుడే ఒక చిత్రం చూశాను. కుడి పెడలు మామూలు మరలాగే ఎడమవైపుకు తిప్పితే ఊడింది. ఎడమ పెడలు మాత్రం కుడివైపుకు తిప్పితేనే ఊడింది! తొక్కేటప్పుడు మర తనంతట తాను వదులు కాకుండా అలా తిరగమరగా చేస్తారట.

పెడళ్ళు లేని సైకిలు వింత ఏమీ కాదు. మొట్టమొదటి సైకిలు అదే. జర్మనీలో మాన్‌హైమ్ పట్టణంలో కార్ల్ డ్రైస్ అనే ఆయన 1817లో రెండు చక్రాల బండి ఒకటి చేశాడు. దానికి పెడళ్ళు లేవు, చైను లేదు. కూర్చొని కాళ్ళతో నేలను తన్నుకొంటూ పోవలసిందే. మన కిచెనర్‌లో కూడా మొదట స్థిరపడినవారిలో జర్మను మాట్లాడేవారే ఎక్కువ. 1916 దాకా ఈ ఊరి పేరు బెర్లిన్. నేడు మనం ఎక్కే రకం సైకిలు, అంటే రెండు చక్రాలూ సమానంగా ఉండి చైనుతో వెనక చక్రం తిరిగేది, 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక ఒళ్ళు హూనం కావడం తప్పింది. రెండు వందల ఏళ్ళ నాడు డ్రైస్ చేసినట్టే నేనూ మొదలుపెట్టాను.

సీటును బాగా కిందికి దించారు. రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయి. ఆదివారం ఉదయం ఖాళీగా ఉండే ఒక బండ్లు నిలిపే స్థలానికి వెళ్ళాము. మొదట సీటు మీద కూర్చొని నడిచాను. తరువాత పెద్ద అంగలు వేశాను. తరువాత రెండు కాళ్ళూ ఎత్తి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపల మళ్ళీ దించాను. మూడు కాస్తా అయిదు అయింది. అయిదు పది అయింది. మీ చిన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పెడళ్ళు లేని బుజ్జి సైకిళ్ళు ఉంటాయి చూడండి, అదే పద్ధతి.

సైకిలు ఎందుకు పడదో తెలుసా? అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట ఎప్పుడైనా ఆడారా? కర్ర ఎటు ఒరిగితే చేతిని అటే జరపాలి. అప్పుడు కర్ర నిలబడుతుంది. సైకిలు కూడా అంతే. ఎడమకు ఒరిగితే హ్యాండిలును ఎడమకే కొంచెం తిప్పాలి. చక్రాలు వచ్చి మన కిందికి చేరుతాయి. భయపడినవాడు దానికి విరుద్ధంగా తిప్పుతాడు, పడతాడు. గిరగిర తిరిగే చక్రాల బలం వల్లనే సైకిలు నిలబడుతుందని చాలాకాలం చాలామంది నమ్మారు. 2011లో కొందరు శాస్త్రజ్ఞులు ఆ బలం పనిచేయకుండా చేసిన ఒక సైకిలును తయారుచేశారు. అది కూడా మనిషి లేకుండానే కొంతదూరం నిలబడి పోయింది! పడబోయే వైపుకు తనంతట తాను తిరగడమే అందులోని కీలకం. ఇంత పాత యంత్రంలో ఇంకా తెలుసుకోవలసినది ఉందంటే వింతగా లేదూ?

పడబోయే వైపుకే తిరగాలని తెలుసుకోవడం వేరు, చేయడం వేరు. పెడళ్ళు బిగించిన రోజున నేను తొక్కగానే చూపు ముందు చక్రం మీదికి పోయింది. కిందకు చూస్తే సైకిలు తడబడుతుంది. చూపు ఎటు పోతే సైకిలు అటే పోతుంది. ఎదురుగా ఒక దీపస్తంభం ఉంది. దాన్ని గుద్దకూడదు, గుద్దకూడదు అనుకొంటూ దాన్నే చూశాను. తిన్నగా దాని దగ్గరికే పోయాను! చివరి క్షణంలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కాను. సైకిలు ఆగింది. నేను ఆగలేదు.

మోచేయి గీరుకుపోయింది. తలకు హెల్మెట్ ఉంది కనుక ఏమీ కాలేదు. కాని పిల్లలూ, మోచేతి మంట కంటే ఇంకొక మంట పెద్దది. నలుగురూ చూస్తారేమో, నవ్వుతారేమో అనే మంట. ఒక్కసారిగా నాకు తొమ్మిదేళ్ళు అయిపోయాయి. ఒళ్ళంతా బురదతో నాయనమ్మ ముందు నిలబడినట్టు అనిపించింది. ఇక చాలు, ఇంటికి పోదాం అనుకొన్నాను. తల ఎత్తి మనవరాలి వంక చూశాను.

అది నవ్వలేదు. పరుగున వచ్చి నన్ను లేపింది. ప్యాంటుకు అంటిన దుమ్ము దులిపింది. సైకిలు నిలబెట్టి, హ్యాండిలు సరిచేసి, ఎన్నో రోజుల తరువాత తెలుగులో, "చాలా బాగా చేసింది, అమ్మమ్మా! ఇంకోసారి చెయ్యి. కింద చూడకు" అంది.

"చేసింది" కాదు, "చేశావు" అనాలి. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. గొంతు పట్టుకొంది. నేను పడితే అది నవ్వలేదు. అది మాటలో పడినప్పుడు నేను నవ్వాను. అంతటితో ఊరుకోక, సముద్రాల అవతల ఉన్నవారిని కూడా పిలిచి నవ్వించాను. సైకిలు మీద నుంచి పడటం, మాటలో పడటం రెండూ ఒకటే. రెండింటిలోనూ పడకుండా నేర్చినవారు లేరు. పడిన చోట ఎవరైనా నవ్వితే, మనిషి ఇక ఆ వైపుకే పోడు. మా నాయనమ్మ కేకలు వేసి నన్ను సైకిలు దించింది. నేను నవ్వి నా మనవరాలిని తెలుగు దించబోయాను.

అక్కడే దాని చెయ్యి పట్టుకొని, "తల్లీ, నీ మాటకు నేను నవ్వడం తప్పు. ఇక నవ్వను" అన్నాను. అది కాసేపు ఆలోచించి, "సరే. ఇప్పుడు సైకిలు ఎక్కు" అంది. మంచి గురువు కదా! నేను సైకిలెక్కాను. అది సీటు వెనక పట్టుకొని పరుగెత్తింది. ఈసారి దూరంగా ఉన్న ఒక చెట్టు కొమ్మను చూస్తూ తొక్కాను. కొంతదూరం పోయాక, "గట్టిగా పట్టుకొన్నావా?" అని అడిగాను. జవాబు ఎక్కడో వెనకనుంచి వచ్చింది. ఎప్పుడో వదిలేసింది!

పెద్ద వయసులో సైకిలు నేర్చినవారిలో చాలా గొప్పవారు కూడా ఉన్నారు. రష్యా దేశపు మహారచయిత టాల్‌స్టాయ్ పేరు మీరు ముందు తరగతుల్లో వింటారు. ఆయన 1895లో, అరవై ఆరేళ్ళు దాటాక సైకిలు నేర్చుకొన్నాడు. ఆ ఏడాదే ఆయన చిన్న కొడుకు ఏడేళ్ళు నిండకుండానే చనిపోయాడు. అంత దుఃఖంలో ఉన్న పెద్దమనిషి, పేరు ప్రతిష్ఠలు ఉన్న మనిషి, చిన్నపిల్లవాడిలా ఒక కొత్త విద్యకు కూర్చొన్నాడు. ఆయన సైకిలును నేటికీ మాస్కోలో ఆయన ఉన్న ఇంట్లో చూపిస్తారు.

ఇక వీధిలోకి వెళ్ళే ముందు నేను నేర్చుకొన్న సంగతులు చెబుతాను. మీకు తెలిసినవే కావచ్చు. తెలిసినవి చేస్తున్నామా లేదా అని మాత్రం చూసుకోండి.

బయలుదేరే ముందు ఒక చిన్న మంత్రం చదవాలి: గాలి, బ్రేకు, చైను. టైరులో గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. రెండు బ్రేకులూ నొక్కి చూడాలి. ఇక్కడి సైకిళ్ళకు మామూలుగా ఎడమచేతిది ముందు బ్రేకు, కుడిచేతిది వెనక బ్రేకు. రెండూ కలిపి మెల్లగా నొక్కాలి. ఒక్క ముందు బ్రేకే గట్టిగా నొక్కితే ఏమవుతుందో ఇందాక చెప్పాను! చైనుకు నూనె ఉండాలి. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు చైనును తినేస్తుంది. అమ్మ చున్నీతో సైకిలెక్కితే, ముడి వేసుకోమని మీరే చెప్పండి. వేలాడే గుడ్డను చక్రం లాగేసుకొంటుంది.

ఒంటారియోలో పద్దెనిమిదేళ్ళ లోపువారు హెల్మెట్ పెట్టుకోవాలని 1995 నుంచి చట్టం ఉంది. పెద్దవారికి ఆ చట్టం లేదు. కాని పెద్దవారి తల ఏమన్నా రాతితో చేసిందా? నేను పెట్టుకొంటాను. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి. వెనక్కు తోసి జడ మీద పెట్టుకొంటే అది అలంకారమే. సైకిలుకు బెల్లు ఉండాలి. పొద్దు గూకే వేళ ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం వెలగాలి.

మన దేశంలో రోడ్డుకు ఎడమపక్క పోతాము. ఇక్కడ కుడిపక్క పోవాలి. నా ఒంట్లో నలభై ఏళ్ళ అలవాటు ఉంది కనుక ప్రతి మలుపులోనూ "కుడి, కుడి" అని పైకి అనుకొంటాను. ఎడమకు తిరగాలంటే ఎడమ చెయ్యి చాచాలి. కుడికి తిరగాలంటే కుడి చెయ్యి చాచవచ్చు, లేదా ఎడమ చేతిని మోచేతి దగ్గర పైకి మడవవచ్చు. ఆగాలంటే ఎడమ చేతిని కిందికి దించి చూపాలి. సైకిలును దాటే కారు వీలైనంతవరకు ఒక మీటరు దూరం ఉంచాలని 2015లో చట్టం వచ్చింది. చట్టం ఉంది కదా అని మనం అడ్డదిడ్డంగా పోకూడదు. ఆగి ఉన్న కార్ల పక్కగా పోయేటప్పుడు ఎవరైనా తలుపు తెరుస్తారేమోనని కాస్త ఎడం ఉంచాలి.

మన ఊళ్ళో ఇంకొక ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది. 2019 జూన్ నుంచి అయాన్ రైలు వీధుల మధ్య నడుస్తున్నది. దాని పట్టాల పక్కన గాడి ఉంటుంది. సైకిలు టైరు అందులో దిగిందంటే హ్యాండిలు తిరగదు. కనుక పట్టాలను ఏటవాలుగా దాటకూడదు. నిలువుగా, అడ్డంకోసినట్టు దాటాలి. వాన పడినప్పుడు ఇనుము జారుతుంది. అప్పుడు దిగి నడిపించుకుపోవడమే మంచిది. దిగడం అవమానం కాదు. నేను చాలాసార్లు దిగుతాను.

ఆ వేసవి చివర నేనూ మనవరాలూ కలిసి ఐరన్ హార్స్ ట్రెయిల్ మొత్తం తొక్కాము. అది ముందు, నేను వెనక. ఎవరైనా నడిచిపోతుంటే బెల్లు కొట్టి, వేగం తగ్గించి, ఎడమపక్కగా దాటాము. రోడ్డు దాటే చోట్ల ఆగాము. విక్టోరియా పార్కు దగ్గరకు రాగానే నేను రోజూ కూర్చొనే బెంచీ కనపడింది. దాని మీద ఎవరో ఒక తాతగారు కూర్చొని ఉన్నారు. నేను బెల్లు కొట్టి ముందుకు పోయాను. గడియారం వంక చూడనేలేదు. ఒక కాలువగట్టు, ఒక అద్దె సైకిలు, అయిదు నిమిషాల సవారీ గుర్తుకు వచ్చాయి. నాకు రావలసిన మిగిలిన నిమిషాలు ఇప్పుడు దొరికాయి అనుకొన్నాను.

ఇంటికి వచ్చి అన్నయ్యకు ఫోను చేశాను. ఈసారి మనవరాలి తప్పులు చెప్పలేదు. నా తప్పులు చెప్పాను. దీపస్తంభం కథ విని అన్నయ్య నవ్వాడు. మనవరాలు ఫోను దగ్గరికి వచ్చి, "నవ్వొద్దు తాతయ్యా! అమ్మమ్మ నేర్చుకొంటున్నది" అంది. ఆ వాక్యంలో ఒక్క తప్పు లేదు.

చిన్నారులారా! నేను మీకు రెండు పనులు అప్పగించి వెళతాను.

మొదటిది. మీ ఇంట్లో సైకిలు రాని పెద్దవారు ఎవరైనా ఉన్నారేమో అడగండి. ఉంటే నేర్పండి. పెడళ్ళు విప్పడానికి నాన్న సాయం తీసుకోండి. వారు పడితే నవ్వకండి. "కింద చూడకు" అని చెప్పండి. తెలుగులోనే చెప్పండి.

రెండవది. మీరు తెలుగు మాట్లాడేటప్పుడు మాట తడబడితే ఆపేయకండి. ఎటు ఒరిగితే అటే కొంచెం తిప్పి, ముందుకు పోండి. ఆగిన సైకిలే పడుతుంది. ఆగిన మాటా అంతే. ఎవరైనా పెద్దవారు నవ్వితే, "మీకు సైకిలు వచ్చా?" అని మర్యాదగా అడగండి. రాదంటే నా దగ్గరికి పంపండి. ఆ నీలం సైకిలు నా దగ్గర ఇంకా ఉంది. సీటు దించి, పెడళ్ళు విప్పి సిద్ధంగా ఉంచుతాను.

సెలవు.

ఆలోచించి చెప్పండి

1. అన్నయ్య పడినప్పుడూ, చెల్లెలు పడినప్పుడూ ఇంట్లోవారు ఎలా ప్రవర్తించారు? అది న్యాయమేనా?
2. మనవరాలు కొన్నాళ్ళు తెలుగు మాట్లాడటం ఎందుకు మానేసింది?
3. అరచేతిలో కర్ర నిలబెట్టడానికీ, సైకిలు తొక్కడానికీ ఉన్న పోలిక ఏమిటి?
4. రైలు పట్టాలను సైకిలు మీద ఎలా దాటాలి? ఎందుకు?
5. మీ ఇంట్లో పెద్దవారిని వారు చిన్నప్పుడు నేర్చుకోలేకపోయిన విద్య ఏదో అడిగి, వారి జవాబును అయిదు వాక్యాలలో రాయండి.